అలసిన సాయంత్రానికి సరదా: విశాఖ ఇళ్ళకో పద్ధతి

గాజువాక నుంచో, ఆటోనగర్ నుంచో బయలుదేరి, దారిలో సిగ్నళ్ళన్నీ దాటుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. చెప్పులు విడిచి కూలబడ్డాక అరగంట ఖాళీ దొరకదా అంటే దొరుకుతుంది. ఆ అరగంటలో ఏం చేద్దామో ఆలోచించే ఓపికే ఉండదు. అలసిన మనిషి చేతికి ఏది ముందు తగిలితే అదే పట్టుకుంటారు. ఫోను జేబులోనే ఉంటుంది కాబట్టి దాని వంతు ముందొస్తుంది. గంట గడిచాక చూసుకుంటే కళ్ళు మండుతాయి తప్ప మనసు తేలికపడదు.

కాబట్టి ఫోను మానేయాలని ఒట్లు పెట్టుకోవడం కన్నా, మిగతా సరదాలను కూడా ఫోనంత దగ్గరగా, అంత సిద్ధంగా పెట్టుకోవడం మంచి దారి. దీనికి మూడు షరతులు. మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలకు మించి పట్టకూడదు. కావలసిన సామాను ముందే ఒకచోట సర్ది ఉండాలి. ఏం చేయాలన్నది అలసిపోయిన వేళ కాకుండా, ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఎప్పుడో తేల్చేసుకోవాలి. కింద చెప్పేవన్నీ ఈ మూడింటికీ సరిపోయేవే.

ముందు చీటీల డబ్బాలు

రెండు ఖాళీ డబ్బాలు తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరూ తమకు నచ్చిన పనులు మూడేసి చీటీల మీద రాయాలి. నాన్నమ్మ, చదవడం వచ్చిన పిల్లలు, అందరూ. నలభై నిమిషాల్లో అయిపోయేవి, సెలవు అక్కర్లేనివి, పెద్దగా ఖర్చు లేనివి మొదటి డబ్బాలోకి. మిగతావన్నీ రెండో డబ్బాలోకి. బుధవారమో, గురువారమో, వారం మధ్యలో ఒక సాయంత్రాన్ని ఖాయం చేసుకుని, ఆ రోజు మొదటి డబ్బాలోంచి ఒక్క చీటీ తీయండి. వచ్చినదే చేయాలి. నచ్చలేదని రెండోది తీస్తే ఆ వారం ఆట అక్కడే చెడుతుంది, మళ్ళీ బేరాలు మొదలవుతాయి.

రెండు డబ్బాలూ కలిపేయడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. అరకు రైలెక్కి యాభై ఎనిమిది సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం గొప్ప సరదాయే, కాదనం. కానీ బుధవారం రాత్రి ఏడున్నరకి ఆ చీటీ చేతికొస్తే మిగిలేది నిట్టూర్పే. రెండో పొరపాటు చీటీలో ‘సరదాగా గడపాలి’ అని గాల్లో రాయడం. ‘డాబా మీద చాప వేసుకుని అంత్యాక్షరి, పాత పాటలు మాత్రమే’ అని రాయండి. చీటీ చదవగానే కాళ్ళు ఎటు నడవాలో తెలియాలి.

సముద్రంలోంచి చంద్రోదయం

మనది తూర్పు తీరం. చంద్రుడు నీళ్ళలోంచి పైకి రావడం ఇంటి నుంచి పావుగంట దూరంలో కనిపించే ఊరు మనది. అయినా చాలామంది ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి చూడరు. పౌర్ణమి నాడు ఎనిమిదింటికి బీచికి వెళ్ళి, అప్పటికే చంద్రుడు పైకెక్కిపోయి ఉంటే, ఇంతేనా అనుకుని తిరిగొస్తారు. అసలు కిటుకంతా వేళలో ఉంది.

పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకే పైకి వస్తాడు. ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యం అవుతుంది. కొన్ని నెలల్లో ఇది 40 నిమిషాలే ఉంటుంది, కొన్నిసార్లు గంట దాకా పోతుంది. ఇక్కడ డిసెంబరులో ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి పౌర్ణమి చంద్రోదయం ఆఫీసుల్లో ఉండగానే అయిపోతుంది. ఆ నెలలో ఉద్యోగస్తులకి పనికొచ్చేవి పౌర్ణమి తర్వాత వచ్చే విదియ, తదియ: విదియ నాడు ఏడు ప్రాంతంలో, తదియ నాడు ఎనిమిదికి కాస్త ముందు. మే నెలలో పొద్దు ఆరుంపావు దాటాక గుంకుతుంది, అప్పుడు పాడ్యమి చాలు, ఏడుంపావు ఏడున్నర మధ్య వస్తుంది.

గోడ మీది క్యాలెండరులో ఒక సంగతి తప్పక చూడాలి: తిథి ఎన్ని గంటల వరకు అని చిన్న అక్షరాల్లో వేస్తారు. పౌర్ణమి పొద్దున్న పదికే వెళ్ళిపోతే, ఆ సాయంత్రం వచ్చేది నిజానికి పాడ్యమి చంద్రుడు. పొద్దు గుంకాక కాసేపటికి గాని రాడు. పౌర్ణమి రాత్రికి గాని మొదలవకపోతే, ఆ సాయంత్రం పొద్దు గుంకే వేళకే చంద్రుడు పైన ఉంటాడు. సాయంత్రం వేళకి ఉన్న తిథినే లెక్కలోకి తీసుకోండి.

దిక్కు కూడా మారుతుంది. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే, చలికాలపు నిండు చంద్రుడు ఎడమచేతి వైపు, కైలాసగిరి పక్కకి బాగా జరిగి లేస్తాడు. వేసవిలో దాదాపు ఎదురుగానే. నీళ్ళ అంచున ఎప్పుడూ కొంత తేమ మసక ఉంటుంది కాబట్టి, లెక్క ప్రకారం రావలసిన వేళకి ఐదారు నిమిషాలు ఆలస్యంగా, రాగి రంగులో కనిపిస్తాడు. వెలుతురు దట్టమైన గాలి పొరలు దాటి రావడం వల్ల ఆ ఎరుపు. పైకి వచ్చేకొద్దీ పసుపు, తర్వాత తెలుపు. ఈ రంగు మారడం అంతా అరగంటలో అయిపోతుంది, అంతకన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సిన పని కూడా లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బుల బెడద ఎక్కువ. డిసెంబరు నుంచి మే వరకు నమ్మకంగా వెళ్ళొచ్చు.

దీనికి ఒక సంచి ఎప్పుడూ గుమ్మం దగ్గర తగిలించి ఉంచండి: మందపాటి పాత దుప్పటి ఒకటి (పల్చటిదైతే గాలికి లేచి ఇసుకంతా తిండిలో పడుతుంది), లీటరు నీళ్ళ సీసా, కాళ్ళు తుడుచుకునే పాత తువ్వాలు, చెత్త వేసుకోవడానికి ఒక కవరు, చిన్న టార్చి. తిండి పట్టుకెళ్ళేటట్లయితే మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాల్లో పులిహోరో, దద్దోజనమో. గాలి ఎక్కువగా ఉంటే ఇసుకలోకి దిగకుండా గట్టు మీదే కూర్చుని తినండి. ఇంటికొచ్చిన వెంటనే దుప్పటి దులిపి, సీసా నింపి, సంచి మళ్ళీ అక్కడే తగిలించాలి. ఈ చివరి పని చేయకపోతే వచ్చే నెల చంద్రుడు మీ దుప్పటి కోసం ఆగడు.

ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. ఊరంతా అక్కడే ఉంటుంది, బండి పెట్టుకునే చోటు వెతకడంలోనే చంద్రుడు తెల్లబడిపోతాడు. మామూలు రోజు వెళ్ళండి, లేదా సాగర్‌నగర్ వైపు కదలండి.

ఓడల దీపాలు

చంద్రుడి కోసం ఎదురుచూస్తున్నంతసేపు పిల్లలకి ఇదొక మంచి పని. రేవులో చోటు దొరికేదాకా ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఆగి ఉంటాయి. డెక్కు నిండా దీపాలతో, కదలకుండా వెలిగిపోతున్నవి అవే. నడుస్తున్న ఓడకి ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చదీపం ఉండాలన్నది సముద్ర నియమం. ఒడ్డు నుంచి చూసేవారికి ఎర్రదీపం కనిపిస్తే ఆ ఓడ మన ఎడమచేతి వైపు పోతోంది, పచ్చ కనిపిస్తే కుడివైపు. రెండూ కనిపిస్తే మన వైపే తిరిగి వస్తోంది. మామూలు కంటికి దగ్గరగా వచ్చినవే తెలుస్తాయి. చిన్న బైనాక్యులర్ ఉంటే ఆట చాలా దూరం పోతుంది. డాల్ఫిన్ నోస్ మీది దీపస్తంభం మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని క్షణాలో లెక్కపెట్టమనండి, ప్రతి దీపస్తంభానికీ తనదైన లెక్క ఉంటుంది.

నీళ్ళలోకి మాత్రం దిగొద్దు

ఇది పక్కన పెట్టేసే మాట కాదు. మన తీరంలో నేల త్వరగా లోతవుతుంది. ఒడ్డుకి వచ్చిన అలల నీరు తిరిగి పోవడానికి ఒక సన్నని దారి చేసుకుని, అక్కడ బలంగా లోపలికి లాగుతుంది. అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు ఆ లాగుడు ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళు అక్కడే దిగుతారు, అక్కడే ప్రమాదాలు జరుగుతాయి. పాదాలు తడిసేంత వరకే. చీకటి పడ్డాక అది కూడా వద్దు. పిల్లల చేయి పట్టుకునే పెద్దవారి చేతిలో ఫోను ఉండకూడదు. ఎవరైనా లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది ఆ దారి దాటాక ఒడ్డుకి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకాలే దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో, తేలే వస్తువేదైనా విసిరి, గార్డునీ జాలర్లనీ కేకవేయాలి.

అష్టాచెమ్మా: అరగంట పలక

ఇంట్లోనే ఉండే సాయంత్రాలకి దీన్ని మించింది లేదని మా గట్టి అభిప్రాయం. ఆరేళ్ళ గుంటడు, అరవై ఏళ్ళ తాతయ్య సమానంగా ఆడగలిగే ఆటలు ఎన్నో లేవు. ఇందులో సగం పందెం పడటం, సగం తెలివి.

అట్టపెట్టె విప్పి 30 సెంటీమీటర్ల చదరం కత్తిరించండి. 6 సెంటీమీటర్లకో గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీస్తే ఐదైదులు ఇరవై ఐదు గళ్ళు వస్తాయి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడి గడిలోనూ అడ్డగీతలు కొట్టండి. ఇవి ఇళ్ళు, ఇక్కడున్న కాయని చంపకూడదు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు చాలు. ఒకే సైజువి ఏరి, రెండు చుక్కల నీళ్ళు వేసి గరుకు గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే తెల్లగా బయటపడుతుంది. కాయలకి బొత్తాలు, శనగలు, చిన్న గులకరాళ్ళు, ఏవైనా నాలుగు రకాలు.

నాలుగు పిక్కలూ కలిపి వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని అడుగులు. నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగు. నాలుగూ నలుపైతే అష్టా, ఎనిమిది. చెమ్మకీ, అష్టాకీ ఇంకో పందెం వేయాలి. ప్రతి పిక్కకీ తెలుపు నలుపు సగం సగం పడే వీలుంటే, పదహారు పందేలకి ఆరుసార్లు రెండు, నాలుగేసిసార్లు ఒకటీ మూడూ, ఒక్కొక్కసారి చెమ్మా అష్టా పడాలి. అంటే మీ కాయకి రెండు గళ్ళ వెనక శత్రువు కాయ ఉంటే గండం దగ్గర్లో ఉన్నట్టే. పిల్లలకి ఈ లెక్క ఒక్కసారి చూపిస్తే ఇక ఆట తీరే మారిపోతుంది. పిక్క ఒకవైపు మరీ ఎక్కువ అరిగితే లెక్క తప్పుతుంది. ఎప్పుడూ ఒకే పందెం పడుతుంటే పిక్కలు మార్చండి.

ఎవరి ఇంటి గడి నుంచి వారు బయలుదేరి, బయటి వరసలో అపసవ్యంగా చుట్టాలి. పదిహేను అడుగులు వేసేసరికి తన ఇంటి ముందు గడి వస్తుంది. అక్కడి నుంచి లోపలి వరసలోకి మళ్ళి, ఈసారి సవ్యంగా ఎనిమిది గళ్ళు, ఆ తర్వాత ఒక్క అడుగులో నడి గడి. మొత్తం ఇరవై నాలుగు అడుగులకి కాయ పండుతుంది. నడి గడిలోకి సరిగ్గా సరిపోయే పందెమే పడాలి. శత్రువు కాయ ఉన్న గడిలోకి మన కాయ చేరితే అది చచ్చి ఇంటికి పోతుంది, చంపినవారికి ఇంకో పందెం. ఒక్క కాయనైనా చంపనివారికి లోపలి వరసలోకి దారి లేదన్నది చాలా ఇళ్ళలో కట్టుబాటు. అది ఉంచండి, లేకపోతే అందరూ భయంభయంగా ఇళ్ళలోనే దాక్కుంటారు.

నలుగురు నాలుగేసి కాయలతో ఆడితే గంట దాటిపోతుంది, చిన్నవాళ్ళకి నిద్ర ముంచుకొస్తుంది. పని రోజుల్లో రెండేసి కాయలే పెట్టుకోండి. ఇక తగాదాలు. ఒకే వీధిలో రెండిళ్ళకి రెండు రకాల కట్టుబాట్లు ఉంటాయి కాబట్టి, మీ ఇంటి నియమాలు నాలుగు ముక్కల్లో పలక వెనకాలే రాసిపెట్టుకోండి.

మురీ మిక్చర్, ఇంట్లో

బీచ్ దగ్గర పొట్లంలో ఇచ్చేది ఇంట్లో చేస్తే మెత్తబడిపోతుందని చాలామంది వదిలేస్తారు. తప్పు మీ చేతిది కాదు, మన ఊరి గాలిది. సముద్రపు తేమకి మురీలు, అంటే మరమరాలు, గంటలో సాగుతాయి. అందుకే కలపడానికి ముందు మందపాటి మూకుట్లో, సన్న సెగ మీద, నూనె లేకుండా మూడు నాలుగు నిమిషాలు వేయించండి. రెండు మురీలు వేళ్ళ మధ్య నలిపితే చిటపటమని పొడవ్వాలి. అంతదాకా ఆగండి.

నలుగురికి 100 గ్రాముల మురీలు, మూడు చెంచాల వేయించిన వేరుశనగ గుళ్ళు, గుప్పెడు సన్న కారప్పూస, ఒక ఉల్లిపాయ సన్నని ముక్కలు, ఒక టమాటా (గింజల గుజ్జు తీసేసి, కండ మాత్రమే), రెండు పచ్చిమిర్చి, కాస్త కొత్తిమీర. వేరే గిన్నెలో చెంచా నూనె, చిటికెడు పసుపు, అర చెంచా కారం, అర చెంచా ఉప్పు కలిపి ముందు ఉల్లిపాయలకి పట్టించాలి. తర్వాత టమాటా, గుళ్ళు. అందరూ వచ్చి కూర్చున్నాక మురీలు, కారప్పూస వేసి, అర చెక్క నిమ్మకాయ పిండి, నాలుగుసార్లు తిప్పి వెంటనే చేతికివ్వడమే. నిమ్మరసం ముందే పిండితే ఉల్లిపాయ నీరూరి అంతా ముద్దవుతుంది. తరిగేవారు ఒకరు, వేయించేవారు ఒకరు, కలిపేవారు ఒకరు అని పంచుకుంటే పదిహేను నిమిషాల పని. ఆ వంటింటి సందడే సగం సరదా.

చేతులు ఖాళీ లేనప్పుడు

బస్సులో, బండి మీద, గిన్నెలు తోముతున్నప్పుడు పొడుపు కథలు పనికొస్తాయి. రోజుకొకటే వేయండి, జవాబు మర్నాటిదాకా చెప్పకండి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అంటే కనురెప్పలు. ‘తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది’ అంటే ఉత్తరం. దీనికి ఇప్పటి పిల్లలు చెప్పే తప్పు జవాబులు కూడా వినదగ్గవే. చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం ఏమిటో మీకు తెలుసు, కొబ్బరికాయ. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఇలాంటివి చాలా ఉంటాయి, అడిగితే చాలు.

ఆదివారం పొద్దున్న

పొద్దున్నే నడిచేవారి కోసం ఆర్కే బీచ్ దగ్గర కొంతసేపు వాహనాలు ఆపుతారు. పిల్లల సైకిళ్ళకీ, స్కేటింగ్‌కీ అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. షటిల్ బ్యాట్లు పట్టుకెళ్ళొద్దు, చిన్న గాలికి కూడా కాక్ కొట్టుకుపోతుంది. రబ్బరు రింగు పట్టుకెళ్ళండి, బరువుంటుంది కాబట్టి గాలికి లొంగదు. సూర్యోదయం చూడాలంటే జూన్‌లో ఐదుంపావుకే అక్కడ ఉండాలి, జనవరిలో ఆరుంపావుకి వెళ్ళినా చాలు. అదే పూట ఇంకాస్త ఓపిక ఉంటే తొట్లకొండ ఎక్కిరండి. బౌద్ధ విహారపు పునాదుల మీంచి కింద పరుచుకున్న సముద్రం కనిపిస్తుంది. ఎండ ఎక్కక ముందే దిగాలి, నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. కురుసుర జలాంతర్గామికీ, జూకీ సోమవారం సెలవు, వారం మధ్య సెలవు దొరికినవాళ్ళు అది చూసుకుని బయలుదేరండి.

షిఫ్టు ఉద్యోగాలవారికి

స్టీలు ప్లాంటు, పోర్టు, ఆసుపత్రుల్లో పనిచేసేవారి ఇళ్ళలో ‘ప్రతి బుధవారం’ అన్నది నిలవదు. వారాన్ని కాకుండా షిఫ్టుని పట్టుకోండి. పొద్దున్న షిఫ్టు వారమైతే సాయంత్రం చంద్రోదయం, బీచి. మధ్యాహ్నం షిఫ్టు వారమైతే, పొద్దున్న పిల్లల్ని బడికి పంపాక ఇద్దరే ఉండే గంట. ఇద్దరూ కలిసి కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవడానికి దాన్ని మించిన వేళ లేదు, బజారు పనులతో నింపేయకండి. రాత్రి షిఫ్టు వారంలో మాత్రం కొత్త పనేదీ పెట్టుకోవద్దు. నిద్ర చాలని మనిషిని పలక ముందు కూర్చోబెడితే విసుగే మిగులుతుంది. ఆ వారం నిద్ర లేచాక ఒక్క పొడుపు కథ, ఒక పొట్లం మురీ మిక్చర్ చాలు. క్యాలెండరు మీద షిఫ్టులు రాసుకునే చోటే, పక్కన ఆ నెల పౌర్ణమి తర్వాతి విదియ, తదియలకి గుండ్రంగా చుట్టండి. రెండూ కలిసిన రోజు ముందే తెలిసిపోతుంది.

తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో బీచి ఊసే వద్దు, అలలు చూద్దామని కూడా. ఆ రోజులకి పలక, పిక్కలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఒకే డబ్బాలో పెట్టి ఉంచండి. కరెంటు పోయాక వెతుక్కోవాల్సిన పని ఉండదు.